దిగులుకు రెండు స్కూపులు

మీకు పొద్దున్నే లేవబుద్ధి కావడం లేదా? ఫోన్‌లో మేనేజర్ పేరు కనబడితే గుండె దడదడలాడుతోందా? ఆదివారం సాయంత్రం నాలుగు దాటగానే సోమవారం గుర్తొచ్చి కడుపులో తిప్పుతోందా? కంగారుపడకండి. ఒకప్పుడైతే ఇవి మనసు బాధలు. ఇప్పుడివి గ్రాముల్లో కొలిచే లోపాలు. మీ బరువెంతో చెబితే చాలు, మీ దిగులెంతో చెప్పేస్తారు. అది పోవడానికి రోజుకెన్ని స్కూపులో కూడా వాళ్లే చెబుతారు.

దుఃఖానికి మూలమేమిటో తెలుసుకుందామని వెనకటికి ఒకాయన రాజ్యం, పెళ్లాం, పసిబిడ్డ అన్నీ వదిలేసి అడవికి పోయాడు. పాపం, అప్పటికి వే ప్రొటీన్ రాలేదు. ఏళ్ల తరబడి ఒళ్లు శుష్కింపజేసుకున్నాక సుజాత అనే ఇల్లాలు పాయసం పెట్టిందనీ, అది తిన్నాకే బోధివృక్షం కింద జ్ఞానోదయమైందనీ కథ. ఆ పాయసంలో ప్రొటీన్ ఎన్ని గ్రాములో మన ఇన్‌ఫ్లుయెన్సర్లు ఇంకా లెక్కగట్టినట్టు లేదు. ఎంతోసేపు పట్టదు లెండి.

ఈ శాస్త్రమంతా నలభై సెకన్ల రీల్‌లో ఇమిడిపోతుంది. ప్రొటీన్‌లో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. దాన్నుంచే మెదడు సెరటోనిన్ తయారుచేసుకుంటుంది. సెరటోనిన్‌కీ మూడ్‌కీ సంబంధం ఉంది. కాబట్టి ఎంత ప్రొటీన్ తింటే అంత ఆనందం! కింద లింకు, లింకు పక్కన పది శాతం తగ్గింపు కోడు. మొదటి మూడు మాటలూ నిజాలే. వాటి భుజాల మీద కూర్చుని నాలుగోది ఊరేగుతోంది.

రీల్ చూడనివాళ్లకు జిమ్ములో ప్రత్యక్ష ప్రసారం ఉంటుంది. కూకట్‌పల్లిలో ఏ జిమ్ముకైనా సాయంత్రం ఏడింటికి వెళ్లండి. ముప్పై ఏళ్ల సాఫ్ట్‌వేర్ కుర్రాడు ట్రెడ్‌మిల్ మీంచి దిగి, మూడు నెలలుగా నిద్ర సరిగ్గా పట్టడం లేదనీ, టీమ్‌లో నలుగురిని తీసేశారనీ, తన వంతు ఎప్పుడోనని లోపల ఏదో అవుతోందనీ మొహమాటంగా చెబుతాడు. ట్రైనర్ ఓపిగ్గా వింటాడు. ఆ మాత్రం వినేవాడు ఆ కుర్రాడికి ఇంకెవడూ లేడు, అది వేరే విషాదం.

“పొద్దున ఏం తింటవ్ అన్నా?”

“ఇడ్లీ.”

“మధ్యాహ్నం?”

“అన్నం, పప్పు, ఏదో ఒక కూర. రాత్రి కర్డ్ రైస్.”

“గదే మరి! అంత కార్బ్సే. నీకు డిప్రెషన్ లేదు గిప్రెషన్ లేదు. బ్రెయిన్‌కు ప్రొటీన్ పోతలేదు, గంతే. రెండు స్కూపులు వేస్కో, పదిహేను రోజులల్ల మస్తు ఫరక్ కనిపిస్తది.”

నలుగురిని ఉద్యోగంలోంచి తీసేసింది ఇడ్లీ అన్నమాట. రాత్రి పదకొండింటికి అమెరికా వాళ్లతో కాల్ పెట్టేది పెరుగన్నం. ట్రైనర్‌ని అని లాభం లేదు, అతని జీతం డబ్బా మీద వచ్చే కమిషన్ కంటే తక్కువ. అతనికీ నిద్ర పట్టదు. కాకపోతే అతని సమస్యకు రెండు స్కూపులు చాలవని అతనికి తెలుసు.

సరే, నాలుగో మాట దగ్గరికొద్దాం. రక్తంలోంచి మెదడులోకి పోవడానికి ట్రిప్టోఫాన్‌కి సొంత దారి లేదు. లూసిన్, ఐసోలూసిన్, వాలిన్, టైరోసిన్ వగైరా అమైనో ఆమ్లాలన్నిటితో కలిసి ఒకే వాహనం ఎక్కాలి. సంక్రాంతి ముందురోజు హైదరాబాద్‌లో బెజవాడ బస్సు ఎక్కడమే అది. మామూలు ప్రొటీన్‌లో ట్రిప్టోఫాన్ వాటా నూటికి ఒకటి, మహా అయితే ఒకటిన్నర. మిగతావాళ్లు దండిగా ఉంటారు, బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాళ్లు వేసి సీట్లు ఆపేస్తారు. మీరు కడుపునిండా ప్రొటీన్ తిన్నారంటే బస్టాండుకి ఒక ట్రిప్టోఫాన్‌ని పంపి, వాడి మీదికి పాతికమంది పోటీదార్లను కూడా మీ ఖర్చుతోనే పంపారన్నమాట. అదే పిండిపదార్థం ఒక్కటే తింటే ఇన్సులిన్ బయల్దేరి ఆ లూసిన్ మందనంతా కండరాల వైపు తోలుకుపోతుంది. స్టాండు ఖాళీ అవుతుంది, ట్రిప్టోఫాన్ దర్జాగా ఎక్కి కూర్చుంటుంది. 1970ల మొదట్లో అమెరికాలో ఫెర్న్‌స్ట్రామ్, వర్ట్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపించింది ఇదే. పిండిపదార్థం పెడితే మెదడులో సెరటోనిన్ పెరిగింది. దానికి ప్రొటీన్ కలిపితే పెరగలేదు.

అంటే రీల్ బాబు మీ కంచంలోంచి తీయించేసిన అన్నానికే ఆ రీల్‌లో చెప్పిన గుణం ఎంతో కొంత ఉంది! సుజాతమ్మ లెక్క తప్పలేదు. అలాగని రేపు ఎవరూ ‘సెరటోనిన్ దద్దోజనం’ పేరుతో స్టార్టప్ పెట్టేయకండి. మనం తినే ఏ భోజనంలోనైనా కాస్తో కూస్తో ప్రొటీన్ ఉండనే ఉంటుంది, ఆ కాస్త చాలు ఈ చిత్రమంతా చెరిగిపోవడానికి. పప్పన్నం తిన్నంత మాత్రాన ఎవరికీ పిచ్చి ఆనందం రాదు, పిచ్చీ ఎక్కదు. పైగా మన ఒంట్లో ఉండే సెరటోనిన్‌లో నూటికి తొంభై పాళ్లు తయారయ్యేది పేగుల్లో. అది గడప దాటి మెదడులోకి పోనే పోదు. అసలు డిప్రెషన్ అంటే సెరటోనిన్ తగ్గడమేనన్న మాటకే గట్టి ఆధారం దొరకడం లేదని 2022లో లండన్ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ తిరగేసి చెప్పారు. దాని మీద పెద్ద రగడే అయింది. మందులు పనిచేస్తాయా లేదా అన్నది వేరే ప్రశ్న, డాక్టరు రాసిన మాత్రలు ఎవరూ మానేయకండి. నేననేది ఇంతే. డాక్టర్లే తలపట్టుకుని కూర్చున్న చోట డబ్బా మీది బొమ్మ మాత్రం కండ బిగించి నవ్వుతోంది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. దీనికి వేదిక హైదరాబాదే. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూర్‌లో బెరిబెరి పరిశోధన కోసం చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ. ఆ రోజుల్లో తెలంగాణ పల్లెల నుంచి ఉస్మానియా ఆసుపత్రికి ఒక రకం రోగులు వచ్చేవారు. ఎండ తగిలేచోటల్లా చర్మం నల్లగా మాడి పొట్టు లేచేది. మెడ చుట్టూ నల్లటి పట్టీ కట్టినట్టు మచ్చ. నీళ్ల విరేచనాలు. ఆ తర్వాత మనిషి ముభావంగా అయిపోవడం, నిద్ర లేకపోవడం, దిగులు, మతి తప్పడం. దాని పేరు పెల్లగ్రా. నయాసిన్ అనే విటమిన్ తక్కువైతే వస్తుంది. ఆ నయాసిన్‌ని శరీరం ట్రిప్టోఫాన్ నుంచి కూడా తయారుచేసుకోగలదు, కానీ అరవై మిల్లీగ్రాములు ఖర్చుపెడితే ఒక్క మిల్లీగ్రాము చేతికొస్తుంది. మంచి ప్రొటీన్ తినేవాడికి ఈ రోగం రాదు. పూటపూటా జొన్నరొట్టె, కారం తప్ప ఇంకేమీ దొరకనివాడికి వస్తుంది. అంటే ప్రొటీన్‌కీ మనసుకీ లంకె ఉంది, అది పచ్చి నిజం. ఆ నిజం కూలివాళ్ల మెడల మీద కనబడింది.

జొన్నలో నయాసిన్ మరీ అంత తక్కువేం కాదే, మరెందుకు ఇలా అని ఆ సంస్థలో సి. గోపాలన్, శ్రీకంటియా తవ్వారు. జొన్న ప్రొటీన్‌లో లూసిన్ మోతాదు మించి ఉందని గమనించి, ట్రిప్టోఫాన్ వాడకాన్ని అదే చెడగొడుతోందేమోనని 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ సిద్ధాంతం మీద తర్వాత చాలా వాదోపవాదాలు నడిచాయి, అందరూ ఒప్పుకోలేదు. జొన్న మీద నింద వేయక్కర్లేదు కూడా, పప్పుతోనో పాలతోనో తినేవాడిని అదేం చేయదు. ఆ ఒక్కటే తినే రోజులు పోయాక రోగమూ అరుదైపోయింది. కానీ లూసిన్ అన్న పేరు గుర్తుంది కదా? బస్సులో సీటు ఆపుకున్నదీ అదే. ఇప్పుడు అదే తార్నాకకు కూతవేటు దూరంలో ఏ సప్లిమెంట్ కొట్టుకైనా వెళ్లండి. బీసీఏఏ అని డబ్బాలు వరసగా పేర్చి ఉంటాయి. లూసిన్ రెండు పాళ్లు, ఐసోలూసిన్ ఒక పాలు, వాలిన్ ఒక పాలు, పుచ్చకాయ ఫ్లేవర్. అరవై ఏళ్ల కింద హైదరాబాద్ శాస్త్రవేత్తలు ముద్దాయిగా బోనెక్కించిన పదార్థాన్ని అదే హైదరాబాద్‌లో మనం ‘ఫోకస్’ కోసమూ ‘మూడ్’ కోసమూ చల్లటి నీళ్లలో కలుపుకుని తాగుతున్నాం. కలికాలం అంటే ఏమిటో అనుకున్నాను.

పెల్లగ్రా కథకు అమెరికా శాఖ ఇంకా ఘాటుగా ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ దేశపు దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న పిండి, మొలాసిస్, పంది కొవ్వు తిని బతికే కూలి జనానికి ఈ రోగం లక్షల్లో వచ్చింది. పిచ్చాసుపత్రులు నిండిపోయాయి. ఏదో క్రిమి వల్ల వస్తోందని అందరూ నమ్మారు. 1914లో ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే డాక్టర్ని పంపింది. ఆయన మైక్రోస్కోప్ తీయకముందే ఒక సంగతి కనిపెట్టాడు. పిచ్చాసుపత్రిలో రోగులకు పెల్లగ్రా వస్తోంది, వాళ్లను రాత్రింబగళ్లు అంటిపెట్టుకుని ఉండే నర్సులకు రావడం లేదు. అంటురోగమైతే హోదా చూసి అంటుతుందా? తేడా కంచంలో ఉంది. మాంసం, పాలు, గుడ్లు సిబ్బంది బల్ల మీద. మొక్కజొన్న గంజి రోగుల బల్ల మీద. అనాథాశ్రమాల్లో, పిచ్చాసుపత్రిలో పాలు, గుడ్లు, చిక్కుళ్లు, మాంసం పెట్టించాడు, రోగం పోయింది. మిసిసిపీలో క్షమాభిక్ష ఆశచూపి ఖైదీలకు మొక్కజొన్నే ఎక్కువగా ఉండే తిండి పెట్టించాడు, కొందరికి రోగం వచ్చింది. అయినా క్రిమి వాదులు ఊరుకోలేదు. చివరికి 1916లో ఆయన, ఆయన సహచరులు రోగుల రక్తం ఎక్కించుకుని, వాళ్ల చర్మపు పొట్టూ మలమూత్రాలూ ఉండలు చుట్టి మింగి చూపించారు. ఆయన భార్య కూడా రక్తం ఎక్కించుకుంది. ఎవరికీ పెల్లగ్రా రాలేదు.

ఇంత చేశాక ఆ రాష్ట్రాల నాయకులు ఏమన్నారు? మా దగ్గర ఆకలి ఉందంటావా, ఎంత అవమానం అని విరుచుకుపడ్డారు. వాళ్లకు క్రిమే కావాలి. క్రిమి అయితే చంపడానికి ఒక ల్యాబ్ చాలు. పేదరికం అయితే కౌలు మార్చాలి, కూలి పెంచాలి, మిల్లు దుకాణాల్లో కూలివాళ్ల అప్పు రద్దు చేయాలి. గోల్డ్‌బర్గర్ 1929లో పోయాడు, నయాసిన్ సంగతి తేలింది 1937లో. మన కాలానికి క్రిమి పోయి డబ్బా వచ్చింది. ఉద్యోగులు నలిగిపోతున్నారంటే పని గంటలు తగ్గించాలి, మనుషుల్ని తీసుకోవాలి. ప్రొటీన్ తక్కువైందంటే ఒక్కొక్కరికి ఒక బార్ ఇస్తే సరిపోతుంది. అక్టోబర్ 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. ఆ రోజు ఆఫీసుల్లో ఏం పంచుతారో చూడండి. బల్ల మీద ఒక ప్రొటీన్ బార్, ‘యూ మ్యాటర్’ అని స్టిక్కరు, సాయంత్రం ఆరున్నరకు వెల్‌నెస్ సెషన్. ఏడున్నరకు రిలీజ్ కాల్. బార్ తినడానికి టైముండదు, జేబులో మెత్తబడుతుంది.

ప్రొటీన్ కథలో పెద్దవాళ్లు పొరబడటం కొత్త కాదు. 1950ల నుంచీ ఐక్యరాజ్యసమితి ప్రపంచమంతా ‘ప్రొటీన్ గ్యాప్’ ఉందని గగ్గోలు పెట్టింది. పేద దేశాల పిల్లలకు ప్రొటీన్ చాలక మెదడు ఎదగదని, ఒక తరం తరమే మందబుద్ధులవుతుందని భయపెట్టారు. 1968లో ‘రానున్న ప్రొటీన్ సంక్షోభం’ అని నివేదికే వచ్చింది. చేపల పొడి చేశారు, పెట్రోలియం మీద సూక్ష్మజీవుల్ని పెంచి ప్రొటీన్ తీశారు. మన దగ్గర వేరుశనగ పిండి, శనగపిండి కలిపిన పొళ్లు తయారయ్యాయి. ఇక్కడ గోపాలన్ లాంటివాళ్లు బతిమాలి చెప్పింది ఒకటే. అయ్యా, పిల్లలు తినేది అదే అన్నం, అదే పప్పు, కాకపోతే చాలినంత తినడం లేదు, కడుపునిండా పెడితే ప్రొటీన్ కూడా అందులోనే చాలావరకు వస్తుంది అని. 1970ల మొదట్లో నిపుణుల సంఘం పిల్లలకు కావలసిన ప్రొటీన్ లెక్కను బాగా తగ్గించింది. ఒక్క కలం పోటుతో ప్రపంచపు ప్రొటీన్ లోటు చాలావరకు పూడిపోయింది, ఒక్క బిడ్డ కూడా ఒక్క ముద్ద ఎక్కువ తినకుండానే! 1974లో డొనాల్డ్ మెక్లారెన్ అనే పరిశోధకుడు లాన్సెట్‌లో ఈ భాగోతాన్నంతా ‘ది గ్రేట్ ప్రొటీన్ ఫియాస్కో’ అని ఎండగట్టాడు. పొడి ఫ్యాక్టరీలు పోయాయా? ఎక్కడికీ పోలేదు. కస్టమర్‌ని మార్చాయి. అప్పుడు కడుపు నిండని పిల్లలకు అమ్మబోయి దెబ్బతిన్నారు, వాళ్ల దగ్గర డబ్బులేవీ? ఇప్పుడు కడుపు నిండినవాళ్లకే అమ్ముతున్నారు.

అసలు ఎంత కావాలి? తార్నాక వాళ్ల లెక్క ప్రకారం కిలో బరువుకు 0.83 గ్రాములు. అరవై అయిదు కిలోల మగవాడికి రోజుకు 54 గ్రాములు, యాభై అయిదు కిలోల ఆడమనిషికి 46. దేశంలో తలకు సగటున అంతకంటే ఎక్కువే తింటున్నామని ప్రభుత్వ గృహ వినియోగ సర్వేలు చెబుతున్నాయి, 60 గ్రాముల పైమాటే. సగటు అన్నది మోసకారి లెక్కే అనుకోండి, చివర తినేవాళ్ల సంగతి దానికి తెలీదు. కానీ నెలకు మూడువేల డబ్బా కొనేవాడు ఆ చివరివాడు మాత్రం కాదు. 2024 మే నెలలో అదే సంస్థ కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేస్తూ, కండలు పెంచుకోవడానికి ప్రొటీన్ పొళ్లు వద్దు, వాటిలో చక్కెరలూ కృత్రిమ తీపులూ ఉండొచ్చు అని స్పష్టంగా రాసింది. ఆ పుస్తకం ఉచితం. కూపన్ కోడ్ లేదు. కాబట్టి ఎవరూ చదవలేదు.

డబ్బాలో ఏముందో చూడటం కూడా సరదాగానే ఉంటుంది. ప్రొటీన్ ఎంతుందో తేల్చడానికి వాడే పాత పద్ధతి 1883 నాటిది. డెన్మార్క్‌లో ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో కెల్డాల్ అనే ఆయన కనిపెట్టాడు. పదార్థంలో నైట్రోజన్ ఎంతుందో కొలిచి 6.25 పెట్టి హెచ్చవేయాలి. నైట్రోజన్ ఎక్కణ్నుంచి వచ్చిందన్నది ఆ పద్ధతికి అనవసరం. ఇదే అదనుగా 2008లో చైనాలో పాలలో మెలమిన్ అనే పారిశ్రామిక రసాయనం కలిపారు, పరీక్షలో ప్రొటీన్ బ్రహ్మాండంగా కనబడింది. దాదాపు మూడు లక్షలమంది పసివాళ్లు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. మన పొళ్లలో అంత దారుణం లేకపోయినా చౌక అమైనో ఆమ్లాలు కలిపి అంకె పెంచే విద్య ఉండనే ఉంది. 2024లో కేరళ వైద్యులు మన మార్కెట్లోంచి 36 డబ్బాలు కొని పరీక్షిస్తే, దాదాపు డెబ్బై శాతం డబ్బాల్లో లేబుల్ చెప్పిన ప్రొటీన్‌కీ లోపలున్నదానికీ పొంతన లేదు. కొన్నింట్లో చెప్పినదాంట్లో సగమే ఉంది. కొన్నింట్లో బూజు విషాలు కూడా దొరికాయి. పోనీ పొడెందుకు, సెరటోనిన్ ముడిసరుకు ట్రిప్టోఫాన్‌నే సూటిగా మింగేద్దామని అమెరికాలో ఎప్పుడో ప్రయత్నించారు. 1989లో ఒక జపాన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ట్రిప్టోఫాన్ మాత్రలు తిని పదిహేనువందల మందికి పైగా కండరాల నొప్పులతో మంచాన పడ్డారు, ముప్పై మందికి పైగా పోయారు. నిద్ర కోసం, మూడ్ కోసమే వాళ్లూ తిన్నది.

తిండికీ మనసుకీ సంబంధం లేదని నేననడం లేదు. ఉంది, కానీ అది అమ్మడానికి వీలుకాని రూపంలో ఉంది, అదీ చిక్కు. 2017లో ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా బృందం డిప్రెషన్ ఉన్న 67 మందిని తీసుకుని, కొందరికి పన్నెండు వారాలు తిండి మార్పించింది. మిగతావాళ్లతో ఊరికే కబుర్లు చెప్పింది. తిండి మార్చినవాళ్లలో మూడోవంతు మందికి డిప్రెషన్ తగ్గుముఖం పట్టింది, కబుర్లవాళ్లలో ఎనిమిది శాతానికే. చిన్న అధ్యయనమే, దాన్ని పట్టుకుని ఊరేగక్కర్లేదు. కానీ వాళ్లు పెట్టించిందేమిటి? కూరగాయలు, పప్పుధాన్యాలు, చేపలు, ముడి ధాన్యాలు, గింజలు, ఆలివ్ నూనె. స్కూపు లేదు. దాంతోపాటు ఒక మనిషి ఏడుసార్లు ఎదురుగా కూర్చుని, మీరేం తింటున్నారు, ఎందుకు తినలేకపోతున్నారు అని అడిగింది. ఆ మనిషిని ప్యాక్ చేసి అమ్మే మార్గం ఇంకా దొరకలేదు.

అలాగే శాకాహారుల్లో బి12 తక్కువై మతిమరుపు, నీరసం, దిగులు వచ్చేవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. ఒక రక్తపరీక్షతో తెలుస్తుంది, ఒక చవక మాత్రతోనో ఇంజెక్షన్‌తోనో సర్దుకుంటుంది. థైరాయిడ్ కూడా అంతే. ఇంకొకటి, దిగులుపడ్డవాడికి తిండి సహించదు. గుడ్డు ఉడకబెట్టుకునే ఓపిక ఉండదు. అలాంటివాళ్లు ప్రొటీన్ తక్కువ తింటున్నారని సర్వేలో తేలితే, తక్కువ తినడం వల్లే దిగులొచ్చిందని రీల్ కడతారు. తడిసినవాళ్లంతా గొడుగు లేకపోవడం వల్లే వాన పడిందనుకోవాలి కాబోలు.

2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వే ప్రకారం మానసిక రుగ్మతలున్నవాళ్లలో, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. లక్షమందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా పూర్తిగా లేడు, ముక్కాలు మనిషి ఉన్నాడు. ఆ ముక్కాలు మనిషి అపాయింట్‌మెంట్ దొరికేలోపు జిమ్ము తెరిచే ఉంటుంది, యాప్ పది నిమిషాల్లో డబ్బా తెచ్చిస్తుంది. 14416 అని ప్రభుత్వం ఉచిత ఫోన్ నంబరు పెట్టింది, టెలి మానస్. తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఎత్తుతారు. 2022 నుంచీ ఉంది. ఆ నంబరు చెప్పే రీల్ నాకు ఒక్కటీ తగల్లేదు. ప్రొటీన్ రీళ్లు మాత్రం పొద్దున పళ్లు తోముకునేలోపు నాలుగొస్తాయి.

గుడ్డు సంగతి కూడా అనేసుకుందాం. ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్, దాంతోపాటు బి12. నిజంగా తక్కువైన పిల్లల కంచంలో గుడ్డు వేద్దామంటే 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీల్లో కుదరదన్నారు. కర్ణాటకలో మఠాధిపతులు రోడ్డెక్కారు. మన ఆంధ్రలో ఆ గొడవ లేదు, బడిలో గుడ్డు పెడతారు. ఇక్కడ గొడవంతా పథకం పేరు మీద. ప్రభుత్వం మారినప్పుడల్లా కొత్త పేరు పెట్టుకుంటారు, గుడ్డు మాత్రం అదే సైజు. ‘ప్రొటీన్ విప్లవం రావాలి’ అని పోస్టులు పెట్టే పెద్దమనుషులెవరూ ఆ గుడ్డు పక్షాన ఒక్క మాట మాట్లాడలేదు. కోడి కూపన్ కోడ్ ఇవ్వదు కదా.

ఇక ఇంట్లో జరిగేది. అమెరికా నుంచి బావ సూట్‌కేసులో బాదంపప్పు, చాక్లెట్ల మధ్య కుక్కి తెచ్చిన అయిదు పౌండ్ల డబ్బా ఫ్రిజ్ మీద ఉంటుంది. కొడుకు పొద్దున్నే షేకర్ గిలక్కొట్టుకుని తాగి, దాన్ని సింకులో పడేసి పోతాడు. కడగకపోతే మధ్యాహ్నానికి చచ్చిన ఎలుక వాసన. కడిగేది తల్లి. అందరికీ గుడ్డు కూర వడ్డించి, తాను మిగిలిన పులుసుతో ముద్ద దిగమింగేదీ ఆమే. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత. ఆయాసం, చిరాకు, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం వీళ్లకూ ఉంటాయి. వాటికి ఇంట్లో వేరే పేరుంది: ‘మీ అమ్మకి ఎప్పుడూ కోపమే.’ మొన్న ఆ కొడుక్కే ఏదో రీల్ చూసి జాలేసింది.

“అమ్మా, నువ్వు కూడా రోజుకో స్కూపు వేసుకో. నీ మూడ్ బాగుంటుంది.”

“డబ్బా ఎంతన్నావు?”

“ఇక్కడైతే కిలో మూడువేలు.”

“గుడ్డు ఏడు రూపాయలేసుకున్నా నాలుగొందల గుడ్లొస్తాయి. నీ డబ్బాలో ఉన్నదానికి మూడింతలు. ముందు ఈ ఇంట్లో నా కంచంలో ఒక గుడ్డు పడేట్టు చూడు, ఆ షేకర్ నువ్వు కడుక్కో. నా మూడ్ సంగతి తర్వాత మాట్లాడుదువుగాని.”